ఒలుమో రాయి ఎక్కిన రోజు

బడగ్రీ నుంచి తిరిగొచ్చే పడవలో ముసలావిడ నోరు జారింది. తండ్రి ఒళ్ళో అలిసి నిద్రపోతున్న మలోమో తల నిమురుతూ, "ఆ చిన్నాడి రక్తమే దీని ఒంట్లో పారుంటే ఈపాటికి చెంగుచెంగున గెంతుతూ ఉండేది," అంది నానమ్మ. "ఏ చిన్నాడు అత్తయ్యా?" అని కోడలు అబేకే అడిగింది. ఆవిడ తలగుడ్డ సర్దుకుని, ఒడ్డు వచ్చేదాకా నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. అబేకే భర్త అదీసా మాత్రం ఆ మాట విననట్టే ఉన్నాడు. కానీ కూతురి వీపు తడుతున్న అతని చెయ్యి ఒక్కసారిగా ఆగిపోవడం అబేకే చూసింది.

మలోమోకి తొమ్మిదేళ్ళు. జబ్బు పుట్టుకతోనే వచ్చింది. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవళ్ళలా వంకరపోయి, నరాల్లో ఇరుక్కుని, ఎముకల్ని లోపల్నుంచి పిండేస్తాయి. పోయిన వానల్లో రక్తం అందక మెదడుకి దెబ్బ తగిలి, అప్పట్నుంచీ ఎడమ కాలు ఈడుస్తోంది. ఈసారి చూపించుకోవడానికి వెళ్తే లాగోస్‌లోని డాక్టరమ్మ కొత్త మందులేవీ రాయలేదు. కలం మూసి పక్కన పెట్టి, "పిల్ల ఏం చూస్తానంటే అది చూపించండి," అంది. ఆ మాటకి అర్థం తల్లిదండ్రులిద్దరికీ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. మలోమో ఒక్కతే సంబరపడింది. సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఏయే చోట్ల బొమ్మలున్నాయో అవన్నీ చూడాలంది. ముందు సముద్రం ఒడ్డున బడగ్రీ. ఇప్పుడు అబెయొకుటాలో ఒలుమో రాయి.

ఊరివాళ్ళు దేవుడని మొక్కే ఆ రాయి ఊరి మధ్యలో ఏనుగుల మంద పడుకున్నట్టుంటుంది. సెలవు రోజు కావడంతో గేటు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. నీలి అద్దకం బట్టలు భుజాన వేసుకుని అమ్మేవాళ్ళు, అప్పటికప్పుడు ఫోటో తీసి చేతికిచ్చేవాళ్ళు, డోలు చంకన ఇరికించుకుని వచ్చినవాళ్ళ పేర్లు అడిగి మరీ పొగిడేవాళ్ళు. ఒక డోలువాడు మలోమో పేరు అడిగాడు. చెప్పగానే వాడి చెయ్యి డోలు మీద తడబడింది. ఆ పేరుకి 'మళ్ళీ వెళ్ళకు' అని అర్థం. పుట్టిన బిడ్డ పోయాక, ఆ తర్వాత పుట్టినదాన్ని బతిమాలుకుంటూ పెట్టుకునే పేరు. డోలువాడు ఒకసారి పిల్ల సన్నటి మణికట్టు వైపు చూసి, పొగడ్త మొదలుపెట్టకుండానే తప్పుకున్నాడు.

"నాన్నా, వాడు నన్ను పొగడకుండా పోయాడేంటి?"

"నిన్ను పొగడాలంటే సాయంత్రం దాకా పడుతుందని భయపడ్డాడు," అన్నాడు అదీసా. వంగి కూతుర్ని వీపున ఎక్కించుకున్నాడు. అబేకే తన గుడ్డ తీసి, చంటిపిల్లని కట్టినట్టు దాన్ని అతని నడుముకి బిగించి కట్టింది. ముడి వేస్తున్నప్పుడు ఆమె వేళ్ళు అతని పొట్టకి తగిలాయి. ఎన్నో ఏళ్ళుగా తెలిసిన ఒళ్ళే. అయినా ఎందుకో చెయ్యి వెనక్కి లాక్కుంది.

మెట్లు మొదలయ్యాయి. దారి చూపే మనిషి ముందు నడుస్తూ చెబుతున్నాడు. పెద్ద యుద్ధాల కాలంలో మా ముత్తాతలు పిల్లా జెల్లాతో వచ్చి ఈ రాయి కింద తలదాచుకున్నారు, శత్రువు కింది నుంచి చూస్తే పైన మనుషులున్నారన్న సంగతే తెలియదు, అని.

"నాన్నా, గాడిదలా రొప్పుతున్నావు," అంది మలోమో.

"పైన కూర్చున్న దొరసాని బరువు అలాంటిది మరి."

మలోమో కిలకిలా నవ్వింది. వెనకాల నడుస్తున్న అబేకేకి నవ్వు రాలేదు. ఆ పిల్ల బరువెంతో ఆమెకి తెలుసు. ఈ నెలలో దాని బట్టలన్నీ కుట్లు వేసి మళ్ళీ సన్నం చేసింది.

కొంత ఎక్కాక రాయి కప్పులా ముందుకి వంగి, కింద పొడుగ్గా గుహలాంటి జాగా ఉంది. మనిషి వంగి నడవాలి. నేలంతా చిన్నచిన్న గుంటలు. దాక్కున్న ఆడవాళ్ళు అక్కడే గింజలు నూరి పిల్లలకి పెట్టారట. అత్తగారు ఆ చల్లటి నీడలోకి వచ్చి ఒక గట్టు మీద కూలబడింది. "నా మోకాళ్ళు ఇంతవరకే," అంది. "మీరెళ్ళి రండి."

"నేను అత్తయ్య దగ్గరుంటాను. మీరు దాన్ని పైకి తీసుకెళ్ళండి," అంది అబేకే భర్తతో.

అదీసా కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏదో అనబోయాడు. ఈలోగా మలోమో అతని చెవి పట్టుకుని మెలేసింది. "పద నాన్నా, పైనుంచి నది కనబడుతుందట." అతను వెళ్ళిపోయాడు. వాళ్ళ మాటలు మలుపు తిరిగి రాళ్ళ మధ్య కలిసిపోయాయి.

అబేకే సీసా మూత తీసి అత్తగారికి నీళ్ళిచ్చింది. ఆవిడ తాగి, మూతి తుడుచుకుని, సీసా తిరిగిచ్చేదాకా ఓపిక పట్టింది.

"ఏ చిన్నాడు అత్తయ్యా?"

"ఇక్కడ వద్దమ్మా. దేవుడున్న చోటు."

"దేవుడున్న చోటే మంచిది. అబద్ధం చెప్పడానికి మీకూ నోరాడదు."

పక్కనుంచి ఓ కుటుంబం వెళ్తోంది. తండ్రి కొడుకుల్ని ఒక్కొక్కర్నీ గుంట దగ్గర కూర్చోబెట్టి, పిండి రుబ్బుతున్నట్టు నటించమని ఫోటోలు తీస్తున్నాడు. వాళ్ళు దాటేవరకూ ముసలావిడ ఆగింది. తర్వాత కోడలి మొహం చూడకుండా, గుంటల్లో నిలిచిన నీడకేసి చూస్తూ చెప్పింది.

"మీ పెళ్ళికి ముందు పాస్టరు గారు రక్తపరీక్ష చేయించుకు రమ్మన్నాడు గుర్తుందా? నీ రక్తంలో సగం లోపం ఉందని వచ్చింది. అదీసాదీ అలాగే వస్తే పెళ్ళి చెయ్యనన్నాడాయన. తనకీ సగం లోపం ఉందని వాడికి అప్పటికే తెలుసు. సైన్యంలో చేరదామని వెళ్ళినప్పుడే తేలింది."

"కానీ ఈయన రక్తం మంచిదనే వచ్చింది."

"పరీక్షకి వాడు వెళ్ళలేదమ్మా. లానీ వెళ్ళాడు. అన్న పేరు చెప్పుకుని చెయ్యి చాపాడు."

లానీ అంటే అదీసా తమ్ముడు. పెళ్ళిలో అందరికన్నా ఎక్కువగా ఎగిరి గంతులేసినవాడు. అబేకే మొదటి కొడుకు దేలే పోయిన తర్వాత మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అన్నదమ్ముల మధ్య ఏదో మాట పట్టింపు అనుకుంది అబేకే. ఈ ఊళ్ళోనే ఇటోకు బజారు వెనక బట్టలకి నీలిరంగు అద్దుకుంటూ బతుకుతున్నాడని విన్నది. పలకరించిరమ్మని భర్తకి ఎన్నిసార్లు చెప్పినా, "చూద్దాం" అనేవాడు.

"మీకెప్పుడు తెలిసింది?" అంది అబేకే.

"అన్నం పెట్టి పంపింది నేనే. రక్తం తీస్తే నీరసం వస్తుందని లానీకి రెండు గుడ్లు ఎక్కువేశాను."

ఇన్నేళ్ళూ అబేకే తిట్టుకున్నది ఒక ముక్కూమొహం తెలియని కుర్రాణ్ణి. రక్తపరీక్షలు చేసే ల్యాబులో కుర్రాడు తప్పు రాశాడనీ, వాడి చేతులు పడిపోవాలనీ ఎన్ని శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థన చేసిందో లెక్క లేదు. అదీసా పక్కన మోకరించి 'ఆమెన్' అనేవాడు. ఎక్కడో ఆ కుర్రాడికి పెళ్ళై పిల్లలు పుట్టి ఉంటారు. తన శాపాలు ఎవరి ఇంటి మీద పడ్డాయో.

"ఇప్పుడెందుకు చెప్పారు?"

"మలోమో పోయాక నేను ఎన్నాళ్ళో ఉండను. దాంతో పాటు ఈ మాట కూడా మట్టిలో కలిసిపోతుందని భయమేసింది," అంది ముసలావిడ. అప్పుడు మొదటిసారి కోడలి మొహంలోకి చూసింది. "నన్ను క్షమించమని అడగను. అడిగే మొహం లేదు."

అబేకే లేచింది. తల రాతికి తగిలింది. నొప్పి తెలియలేదు.

పైకి వెళ్ళే దారి రెండు పెద్ద రాళ్ళ మధ్య చీలికలోంచి పోతుంది. ఒక్క మనిషి పక్కకి తిరిగి నడవాలి. ముందు ఎవరో లావాటి ఆవిడ ఇరుక్కున్నట్టయి, పిల్లలు వెనకనుంచి నెడుతూ నవ్వుతున్నారు. "దాక్కోడానికి వచ్చినప్పుడు మా పూర్వీకులు ఇంత తినలేదమ్మా," అని దారి చూపే మనిషెవరో అంటే ఆవిడే అందరికన్నా గట్టిగా నవ్వింది. అబేకే ఆ నవ్వుల వెనక నిలబడి తన వంతు కోసం చూసింది. నిలబడక తప్పలేదు. తోసుకుపోయే దారి లేదు.

పైన గాలి. తుప్పు పట్టిన ఎర్రటి రేకుల కప్పులు కనుచూపు మేర. వాటి మధ్య చర్చి గోపురం, దూరంగా బురద రంగు నది. మలోమో చెట్టు నీడలో కూర్చుని ఉంది. దారి చూపే మనిషి వేలు పెట్టి ఏవేవో చూపిస్తుంటే తలూపుతోంది. అదీసా కాస్త ఎడంగా, చొక్కా విప్పి పిండుకుంటున్నాడు. భార్య వస్తున్న తీరు చూసి చొక్కా తొడుక్కోవడం మరచిపోయాడు.

"చెయ్యి చాపింది లానీయట గదా," అంది అబేకే. గొంతు పెంచలేదు. పిల్ల వింటుందని.

అతను అటూ ఇటూ చూశాడు. "అమ్మ చెప్పిందా?"

"ఎవరు చెప్తే ఏం? నువ్వు చెప్పలేదు."

పెళ్ళైన ఇన్నేళ్ళలో అతన్ని ఆమె నువ్వు అనడం అదే మొదలు. తిట్టు తిన్నట్టు తల దించుకున్నాడు.

"నువ్వు వెళ్ళిపోతావనుకున్నాను," అన్నాడు. "పాస్టరు వద్దంటే మీ నాన్న ఇంకో సంబంధం చూసేవాడు. నలుగురు పుడితే ఒకరికే వస్తుందన్నారు. ఆ ఒక్కరూ మనకే ఎందుకు పుడతారనుకున్నాను. అంతే. అంతకన్నా ఆలోచించలేదు."

"దేలే చేతులు వాచినప్పుడో?"

అతను చేతిలోని తడి చొక్కాని మళ్ళీ పిండాడు.

"రెండు చేతులూ రొట్టెల్లా పొంగిపోయాయి. పసివెధవ, నోరు లేదు. ఏ పురుగో కుట్టిందనుకుని నేను ఆకు పసరు పూస్తూ కూర్చున్నాను. నువ్వు గుమ్మంలో నిలబడి చూశావు. నీకప్పుడు తెలుసా?"

"తెలుసు."

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే జ్వరమని మందిచ్చి పంపాడు. నా మొగుడి రక్తం మంచిదే అని ఆయనకి నేనే చెప్పాను. నువ్వు నా పక్కనే కుర్చీలో ఉన్నావు. ఒక్క మాట అని ఉంటే ఆ రోజే సరైన పరీక్ష చేసేవాళ్ళు. వాడు బతికేవాడు."

"బతికేవాడేమో."

"అప్పటికి ఇది నా కడుపులో ఉంది."

"అవును."

కాదనమని, గొంతు చించుకుని అరవమని, తల్లి మతిపోయి మాట్లాడుతోందనమని ఆమె లోలోపల ఎదురుచూసింది. అబద్ధమైనా సరే, పట్టుకుని వేలాడ్డానికి ఏదైనా దొరికేది. అతను మాత్రం అడిగిన ప్రతిదానికీ తలూపుతున్నాడు. ఇన్నాళ్ళూ మోసిన మూట ఎక్కడో దించేద్దామని చూస్తున్న కూలివాడిలా, ఆమె అడుగుతుంటే అతని మొహంలో ఒక రకమైన తేలిక కూడా కనబడింది. అది చూసి ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"ప్రతి శుక్రవారం నా పక్కన మోకరించి ఆమెన్ అన్నావు."

"ఆ శాపం నాకు తగలాలనే అనేవాణ్ణి."

"తగిలింది నీక్కాదుగా."

అదీసా రాతి అంచు వైపు చూశాడు. అక్కడ ఇనుప కమ్మీ, దాని అవతల ఊరు. "ఏం చెయ్యమంటావు చెప్పు. ఇక్కణ్ణుంచి దూకమంటే దూకుతాను."

"దూకితే నువ్వు సుఖపడతావు," అంది అబేకే. "మరి దాన్ని కిందికి ఎవరు మోస్తారు?"

పక్కన ఎవరో కొత్త దంపతులు ఒకే రంగు బట్టలు వేసుకుని, భుజాల మీద చేతులేసుకుని ఫోటో దిగుతున్నారు. "అన్నా, కొంచెం జరుగుతావా, వెనకాల నువ్వు పడుతున్నావు," అన్నాడు పెళ్ళికొడుకు. అదీసా జరిగాడు.

"అమ్మా," అని పిలిచాడు దారి చూపే మనిషి. "పాప ఏదో అంటోంది. నాకర్థం కావట్లేదు."

మలోమో ఒళ్ళో నీళ్ళ సీసా పక్కకి ఒరిగి గౌను తడుస్తోంది. దాన్ని పట్టుకోవాలని చూస్తోంది పిల్ల. కుడిచెయ్యి కదలడం లేదు. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి సీసా మీద పెట్టుకుంటోంది. అది జారిపోతోంది. మళ్ళీ పెట్టుకుంటోంది.

"మలోమో, ఏమైంది తల్లీ?"

పిల్ల తలెత్తింది. నోరు ఒక పక్కకి లాగేసి ఉంది. నవ్వబోతున్నట్టు ఉంది గానీ నవ్వు కాదు. నాలుక మందంగా కదిలి ఏదో శబ్దం వచ్చింది. దాంట్లో మాట లేదు.

అదీసా అప్పటికే వంగి వీపు పెట్టాడు. ఆ వీపు చూసి అబేకే ఒక్క క్షణం ఆగిపోయింది. తన చేతులతో తన బిడ్డని ఆ వీపు మీద పెట్టాలి. వేరే దారి లేదు. ఇన్ని మెట్లు దాన్ని మోసుకుని దిగడం తన వల్ల కాదు. గుడ్డ తీసి, పిల్లని అతనికి బిగించి కట్టి, వేలాడుతున్న తలని అతని మెడ మీద ఆనించింది. చీలిక దగ్గరికి వచ్చేసరికి కింది నుంచి బడిపిల్లల గుంపొకటి పాటలు పాడుకుంటూ ఎక్కుతోంది. "జరగండి, జరగండి," అని దారి చూపే మనిషి అరిచాడు. పిల్లలు పాట ఆపేసి రాతికి అతుక్కుని నిలబడ్డారు. ఆ నిశ్శబ్దంలో అదీసా ఒక్కొక్క మెట్టే దిగాడు. అబేకే వెనకనుంచి కూతురి తల రాళ్ళకి తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టి నడిచింది. ఆ చెయ్యి ఒకపక్క రాతికి గీసుకుపోతోంది, ఇంకోపక్క భర్త చెమటకి తడుస్తోంది.

గుహ దగ్గర ముసలావిడ వాళ్ళని చూసి లేచింది. మోకాళ్ళ సంగతి మరచిపోయి వెంట దిగింది.

గేటు బయట ఎవరి కారో, ఎవరు ఎక్కించారో అబేకేకి తర్వాత గుర్తులేదు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాక గాని తన చేతి నుంచి రక్తం కారుతోందని తెలియలేదు. డాక్టరు చిన్నవాడు. మాటలు దాచే అలవాటు ఇంకా రాలేదు.

"మెదడుకి మళ్ళీ దెబ్బ తగిలింది. ఈసారి పెద్దది. చెడ్డ రక్తం తీసి మంచి రక్తం ఎక్కించాలి. మా దగ్గర ఈ రకం సరిపడా లేదు. ఉన్నది ఎక్కిస్తున్నాం. మీలో ఈ లోపం లేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

అదీసా గోడకేసి తిరిగి నిలబడ్డాడు. ఎక్కించినా పిల్ల లేస్తుందా అని అడగబోయి, డాక్టరు మొహం చూసి ఊరుకుంది అబేకే.

"లానీదీ పిల్లదీ ఒకే రకం రక్తం," అంది ముసలావిడ నేలకేసి చూస్తూ, చాలా మెల్లగా.

"నంబరు చెప్పండి."

"ఫోను ఎత్తడమ్మా. మన పేరు చెబితేనే పెట్టేస్తాడు."

"ఎత్తుతాడు. అన్న కోసం రక్తం ఇవ్వడం కొత్తేం కాదుగా."

ముసలావిడ నంబరు చెప్పింది. అవతల చాలాసేపు మోగింది. ఆగిపోతుందనుకునే లోపు ఎవరో ఎత్తారు. వెనకాల నీళ్ళలో బట్టలు జాడిస్తున్న చప్పుడు.

"లానీ, నేను అబేకేని. మీ వదినని."

జాడింపు ఆగింది.

"నాకు అన్నీ తెలిశాయి. దాని గురించి ఇప్పుడు అడగను. మలోమో ఈ ఊళ్ళోనే, పెద్దాస్పత్రిలో ఉంది. రక్తం కావాలి. నువ్వొక్కడివే ఇవ్వగలవు. వెంటనే బయలుదేరు."

అవతల ఊపిరి వినబడుతోంది. ఏదో చెక్క బల్ల మీద కూలబడ్డట్టు చప్పుడైంది.

"వదినా," అన్నాడు లానీ. ఆ గొంతు పెళ్ళిలో పాటలు పాడిన గొంతు కాదు. బాగా ముసలివాడి గొంతులా ఉంది. "అడిగితే అప్పుడు పరుగెత్తుకుంటూ వెళ్ళాను. ఇప్పుడూ వచ్చేవాణ్ణే. పోయిన ఏడాది నాకు హెచ్‌ఐవీ ఉందని తేలింది, అప్పట్నుంచీ మందులు మింగుతున్నాను. అమ్మకి కూడా తెలియదు. నా రక్తం ఇక ఎవరికీ పనికిరాదు వదినా."

లోపలి గది తలుపు తెరుచుకుంది. డాక్టరు చేతి తొడుగులు విప్పకుండానే బయటికి తొంగిచూశాడు.

"మనిషి దొరికాడా?"